అన్నయ్యకంటే ముందు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. దేవుడి గదిలో పెదనాన్న, వంటింట్లో పెద్దమ్మ, బ్యాంకు ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటే నలుగుతుందని నిలబడే ఉన్న వాళ్ళబ్బాయి అఖిలేష్ అన్నయ్య, వెనక గదిలో నాయనమ్మ, గుమ్మం దగ్గర పుస్తకాల సంచితో నేను.

ఉయ్యూరు పక్క మా ఊరి బడిలో చదివి, పటమటలో పెదనాన్న వాళ్ళింట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. ఎనిమిది నెలలైనా క్లాసులో నోరు తెరవలేదు. ఇంగ్లీషు మేడమ్ తలా ఒక మాట ఇచ్చి, దాని అర్థాలు, వాడుక అందరి ముందు చెప్పమన్నారు. నాకు వచ్చింది 'ప్రిసీడ్'. ముందు రావడం, ముందు నడవడం, హోదాలో పైన ఉండడం. వానకు ముందు గాలి వస్తుంది, మా రోడ్డు మీద బస్సుకు ముందు చెరకు ట్రాక్టరు వెళ్తుంది, ఇలా ఆరు వాక్యాలు రాసుకున్నాను. ఆ రోజు తొమ్మిదిన్నరకు మొదట చెప్పేది నేనే. నేనే చెయ్యెత్తి అడిగాను, ఆగితే మళ్ళీ భయం వేస్తుందని.

"ఎక్కడికే?" అంది పెద్దమ్మ.

"కాలేజీకి."

"తొమ్మిదీ ఇరవై దాకా దుర్ముహూర్తం. అన్నయ్య కదిలాక వెళ్దువుగాని. మంచి పనికి వెళ్ళేవాడికంటే ముందు ఎవరూ గడప దాటకూడదు."

"దాన్నెందుకమ్మా ఆపుతావ్? పోయినసారి సెలెక్ట్ కాకపోయింది నా ఇంగ్లీషు వల్లే," అన్నాడు అన్నయ్య.

"కాదు, ఇది ఖాళీ పాలగిన్నెతో ఎదురొచ్చి. నువ్వు పెరుగన్నం తిను."

ఎనిమిదీ యాభై అయింది. తొమ్మిదింటికి బస్సు. వాక్యాలు గొణుక్కుంటూ హాల్లోంచి వెనక గదికీ, అక్కణ్ణుంచి మళ్ళీ హాల్లోకీ తిరిగాను. నాలుగో వాక్యం మర్చిపోయాను.

నాయనమ్మ మంచం మీద వత్తులు చేస్తోంది. తాతయ్య పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎవరు మంచి పనికి బయల్దేరినా, ఎవరూ చెప్పకుండానే తను ఆ గదిలోకి వెళ్ళి కూర్చుంటుంది.

"ఎన్నింటికే నీది?"

"తొమ్మిదిన్నరకి."

"ఇక్కడ కూర్చోడం అలవాటు చేసుకోకే." లేచి పెరటి తలుపు గడియ తీసింది. "సందులోంచి పో."

"అన్నయ్యకి ఉద్యోగం రాకపోతే?"

"నేనే పంపానని చెప్తాలే. నన్ను ఇంకెక్కడ కూర్చోబెడతారు?"

మెట్టు దిగాను. హాల్లోంచి పెద్దమ్మ నా పేరు పెట్టి పిలిచింది. నా కాలు మళ్ళీ మెట్టు మీదికి వెళ్ళింది.

నాయనమ్మ నా ముఖం మీదే తలుపు వేసేసింది.