పక్కకు జరిపిన ఫోల్డర్

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరిన కొత్తమ్మాయికి ఆ రోజు అప్పగించిన పనులివి: అవుట్‌పుట్ ఫోల్డర్ తుడిచెయ్యాలి, బిల్డ్ స్క్రిప్ట్ నడిపి ప్రోగ్రామును మళ్ళీ తయారు చెయ్యాలి, సాయంత్రంలోగా ఆసుపత్రికి పంపాలి. బయట కూర్చున్న రోగులను నంబరు చెప్పి లోపలికి పిలిచే ప్రోగ్రాం అది.

ఇన్నాళ్ళూ స్క్రిప్ట్ తాను తయారు చేసినవన్నీ ఆ ఫోల్డర్‌లో పాతవాటి మీదే పడేస్తూ వచ్చింది. అది కాస్తా అటకలా తయారైంది. ఇకమీదట ముందు తుడవాలి, తర్వాతే కట్టాలి అని టీం లీడరు హుకుం.

కొత్తమ్మాయి వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఒకే గదిలో అందరూ సర్దుకుని పెరిగిన ఇల్లు. ఎవరిదో అడగకుండా ఏ వస్తువునూ పారేసే అలవాటు లేదు. అందుకే పాత ఫోల్డర్‌ను తుడవకుండా, పేరు మార్చి పక్కకు జరిపింది.

"ఏంటమ్మా, చెత్త కూడా మూటగట్టి దాచుకుంటావా? స్క్రిప్ట్ నడిపితే అన్నీ మళ్ళీ పుడతాయిగా!" అన్నాడు లీడరు.

"పుట్టాకే పారేద్దాం సార్."

బిల్డ్ ఏ తప్పూ చూపకుండా పూర్తయింది. పరీక్షకని ఒక నంబరు నొక్కింది. తెర మీద అంకె వెలిగింది గానీ స్పీకరు నోరు మెదపలేదు.

పక్క బల్ల దగ్గరున్న, ఆఫీసులో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రోగులను పిలిచే గొంతు, ప్రోగ్రాములను పరీక్షించే ఆమెదే. అప్పట్లో హడావిడిగా, సామాన్ల గదిలో దుప్పటి కప్పుకుని రికార్డు చేసి, ఆ ఫైళ్ళను తిన్నగా అవుట్‌పుట్ ఫోల్డర్‌లోనే పెట్టేసింది. వాటికి మరో కాపీ లేదు, స్క్రిప్ట్ నడిపితే పుట్టేవీ కావు. ఆ తర్వాత గొంతుకు ఆపరేషనైంది. ఇప్పుడామెకు గుసగుసే మిగిలింది.

"పోయాయా?"

"ఎక్కడికి పోతాయక్కా? పక్కనే ఉన్నాయి."

కొత్తమ్మాయి ఆ ఫైళ్ళను తీసి కోడ్ ఉండే ఫోల్డర్‌లో భద్రంగా పెట్టింది. ప్రతిసారీ అక్కడినుంచి కాపీ చేసుకొమ్మని స్క్రిప్టుకు చెప్పింది.

"ఇప్పుడు తుడవొచ్చా తల్లీ?" లీడరు గొంతు తగ్గింది.

"ఇక ఎన్నిసార్లయినా తుడవండి సార్."

తుడిచారు, మళ్ళీ కట్టారు. నంబరు నొక్కగానే స్పీకరు పలికింది: "పన్నెండో నంబరు వారు లోపలికి రండి. కంగారు పడకండి."

"కంగారు పడకండని కూడా అన్నానా? నాకు గుర్తే లేదే!" పెద్దక్క గుసగుసగా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

"నాకోసమే అనుంటారు," అన్నాడు లీడరు.

ఎప్పుడైనా డాక్టరు గది బయట మీరు కూర్చున్నప్పుడు, ఒక గొంతు కంగారు పడకండి అంటే, ఆ పెద్దక్కను ఒక్కసారి తలుచుకోండి.