అంచు నొక్కిన అతుకు

పంక్చర్లు వేసేవాడి కాలికే అతుకు పడిందంటే లోకానికి నవ్వులాట కాక ఏముంటుంది? ట్యూబులు అతికించే వేడి ప్లేటు జారిపడి ప్యాచీల మామకు మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం కాలిపోయింది. ఎవరెవరి బళ్లో బాగుచేసి పంపినవాడికి చివరికి ఆసుపత్రి మంచం దక్కింది.

డాక్టరమ్మ అతని తొడ నుంచి గోరంత చర్మం కోసి ప్రయోగశాలకు పంపింది. అక్కడ దాన్ని గాజు పళ్లెంలో వారాల తరబడి పెంచారు. ఉల్లిపొరల్లాంటి ఆ పొరల్ని తెచ్చి పుండు మీద పరిచి కట్టు కట్టారు.

"చెయ్యి పెట్టకండి. ఇది పట్టకపోతే మళ్లీ మొదటికొస్తాం. ఈ కాలి మీద నిలబడి పని చెయ్యడం కష్టమవుతుంది" అంది డాక్టరమ్మ.

మామ విన్నాడు. అతని చెయ్యి వినలేదు. అతుకు వేయగానే బొటనవేలితో అంచు నొక్కి గాలి తీయడం దానికి ఏళ్లనాటి అలవాటు. మర్నాడు భార్య మంచినీళ్లకని బయటికెళ్లగానే కట్టు కింది మూలన ఒక్క నొక్కు నొక్కాడు. లోపల ఏదో జారినట్టైంది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆపైన ముద్ద గొంతు దిగలేదు.

కట్టు విప్పే రోజు బావమరిది ఊడిపడ్డాడు.

"ఏం బావా, నీ ప్యాచీకి గ్యారంటీ ఎన్నాళ్లు?"

"నోర్ముయ్‌రా. నీ నాలుక్కి మాత్రం ఏ అతుకూ నిలవదు, అస్తమానం ఆడుతూనే ఉంటుంది."

భార్య అతని మొహంలోకి చూసింది. "అలా పాలిపోయావేంటయ్యా? ఏం చేశావ్?"

"అంచు నొక్కానే."

"నీ చేతులు పడ..." మిగతాది మింగేసింది.

డాక్టరమ్మ కట్టు విప్పుతుంటే మామ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"చూడండి. పట్టింది."

లేత గులాబీ రంగులో పల్చగా మెరుస్తోంది కొత్త చర్మం. కింది మూలన మాత్రం వేలెడంత మేర పచ్చిగా ఉంది.

"ఇక్కడేం చేశారు?"

"నొక్కాడు, డాక్టరమ్మా. మా ఆయనకి మనిషైనా ట్యూబైనా ఒకటే."

"మధ్యలో నొక్కలేదు, బతికిపోయారు! ఇది రబ్బరు కాదు, ప్రాణమున్న చర్మం. చుట్టూ ఉన్నది మెల్లగా పాకి ఆ కాస్తా కప్పేస్తుంది. మీ పనికి మీరు వెళ్లొచ్చు, కాకపోతే నేను చెప్పినప్పుడు."

అంచు లేచిన అతుకు తనంతట తానే పూడుకోవడం మామ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఇలాంటి రబ్బరు గనక వస్తే మా పొట్ట కొట్టినట్టే" అని గొణిగాడు. గొణిగాడే గానీ, ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు.

భార్య అతని రెండు చేతులూ లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "కొత్త కట్టు కట్టేదాకా ఇవి నా దగ్గరే ఉంటాయి."

మామ విడిపించుకోలేదు.