మొరేనాకి పెట్టిన కళ్ళు

ఓరావా ఏటి ఒడ్డున ఆ ఊళ్ళో చలికాలం పోవాలంటే చలిదేవత మొరేనాను సాగనంపాలి. గడ్డితో ఆడమనిషి బొమ్మ కట్టి, ఆదివారం ప్రార్థన అయ్యాక ఏట్లో వదిలి, వెనక్కి చూడకుండా ఇళ్ళకు పరుగెత్తాలి. చూసినవాళ్ళకు ఆ ఏడు గడవదని భయం. బొమ్మ ఎవరు కట్టినా ముఖానికి తెల్లగుడ్డ చుట్టి వదిలేస్తారు. కళ్ళు మాత్రం పెట్టరు.

ఈసారి కట్టే వంతు హెద్విగాది. మొగుడు పోయి మూడు చలికాలాలు. ఆ ఇంట్లో మాట వినపడి ఎన్నాళ్ళయిందో. బొమ్మకు తన పెళ్ళి గౌను తొడిగి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. ముఖం మరీ బోసిగా అనిపించి, పొయ్యిలో బొగ్గు తీసి రెండు కళ్ళు దిద్దింది.

మంచు కురుస్తున్న కిటికీ వైపు నుంచి ఆ కళ్ళు మెల్లగా ఆమె వైపు తిరిగాయి.

"చలేస్తోందమ్మా," అంది బొమ్మ, ఎండుగడ్డి కదిలినంత సన్నగా.

హెద్విగాకి భయం వేయలేదు. పొయ్యి దగ్గరకు జరపబోయి, అంటుకుంటుందని ఆగి, తన శాలువా కప్పింది. వారం రోజులు ఇద్దరూ కబుర్లాడుకున్నారు. రెండు గిన్నెల్లో క్యాబేజీ చారు పోసేది. రెండోదీ తనే తాగేది.

"ఆదివారం ఏటికటగా. నువ్వూ వస్తావా?" అనడిగింది బొమ్మ.

హెద్విగా జారిన శాలువాను దాని మెడదాకా లాగి కప్పింది.

ఆదివారం పొరుగింటి బార్బొరా తలుపు తోసుకొచ్చి నోరు నొక్కుకుంది. "ఓసి నీ మతి మండా! కళ్ళు పెట్టావేంటే దానికి?"

"ఒక్కదాన్నే ఉండలేకపోయానక్కా."

"అయితే పిల్లిని పెంచుకోకపోయావా! ఇప్పుడది అన్నీ చూస్తూ మునగాలి."

ఆ మాట హెద్విగా గుండెల్లో దిగింది. తన ఒంటరితనం తీర్చుకోవడానికి చేసిన దాన్ని, తనకన్నా ఒంటరిగా పంపించేస్తోంది.

పాడుకుంటూ వెళ్ళి బొమ్మను నీళ్ళలో వదిలారు. అందరూ పరుగందుకున్నారు. "చూడకే!" అని బార్బొరా అరుస్తూనే ఉంది. హెద్విగా తిరిగి చూసింది. మంచుపలకల మధ్య వెల్లకిలా తేలుతూ బొమ్మ ఆమె కోసమే వెతుకుతోంది.

హెద్విగా మోకాళ్ళ లోతుకు దిగింది.

"భయమేస్తోందమ్మా."

"నేనున్నాగా."

ఆనాడు మొగుడి కళ్ళు మూసినట్టే, తడి అరచేత్తో ఆ కళ్ళను మెల్లగా తుడిచింది. మసి నీళ్ళలో కరిగిపోయింది. అయినా హెద్విగా దాని గడ్డిచెయ్యి వదల్లేదు. ఒడ్డు వెంబడే పట్టుకుని నడిచింది. పిండిమర దగ్గర ఆ చెయ్యి దానంతటదే పట్టు వదిలింది. బొమ్మ తెల్లటి పొగమంచులోకి సాగిపోయింది.

వెనక్కి వస్తుంటే మలుపులో, ఏటికి వీపు పెట్టి, బార్బొరా నిలబడి ఉంది.

"నేనైతే చూళ్ళేదమ్మా," అంటూ చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. ఆ చేతిలో పొడి ఉన్ని మేజోళ్ళున్నాయి. "తొడుక్కో. చారు రెండు గిన్నెల్లో పోసొచ్చాను."