మచ్చల రెక్క

బట్టపూలు చేయడంలో కత్తెరమ్మకు సాటి కత్తెరమ్మే. అది వీధి పెట్టిన పేరు. చేతిలో కత్తెర లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు మరి! నాటకాల వాళ్ళకైనా, బట్టల దుకాణాల అద్దాలకైనా ఆవిడ పూలే కావాలి. తన చేతి పువ్వు ఏనాడూ వెనక్కి రాలేదన్న మాట రోజుకోసారైనా అనకపోతే ఆవిడకు అన్నం సహించదు.

అలాంటి మనిషికి స్వయానా అల్లుడే పని అప్పజెప్పాడు. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడతను. ప్రదర్శనకు పళ్ళెమంత తురాయి పువ్వు కావాలన్నాడు. పిల్లలు ఏ భాగానికా భాగం విప్పి చూడాలట. నమూనాకు చెట్టు కింద రాలిన పూలు కొన్ని తెచ్చిచ్చాడు.

కత్తెరమ్మ పట్టుగుడ్డకు గంజి పెట్టి, ఎర్రరంగులో ముంచి, కాల్చిన ఇనుపగుండుతో ఒక్కో రెక్కకూ వంపు తెచ్చింది. పది కేసరాలూ సన్నటి తీగతో నిలబెట్టింది. పువ్వును అడుగు నుంచి పట్టి ఉంచే ముక్కలు బయట పచ్చగా, లోపల ఎర్రగా ఉంటే, అదీ వదల్లేదు. ప్రదర్శనకు ముందురోజు అల్లుడు వచ్చి చూశాడు. చూసి గొంతు సవరించుకున్నాడు.

"అద్భుతంగా ఉంది అత్తయ్యా. కానీ..."

"నా పువ్వుకి కానీలూ అయితేలూ ఉండవు బాబూ."

"ఐదు రెక్కలూ ఎర్రగానే చేశారు. ఒకటి తెల్లగా, ఎర్రచుక్కలతో ఉండాలి కదా?"

"అదా! నువ్వు తెచ్చిన పూలకి తెగులు పట్టింది నాయనా. అన్నిటికీ ఒక్కో రెక్క మచ్చలు పడి ఉంది. పోనీలే, అల్లుడి పరువు కదా అని నేనే సరిచేశాను."

వంటింట్లోంచి కూతురు కిసుక్కున నవ్వింది. కత్తెరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెగులు కాదత్తయ్యా. ఆకు చూసి తురాయిని పోల్చుకుందామంటే మోసపోతాం. అలాంటి సన్నాకులు వేరే చెట్లకీ ఉన్నాయి. ఆ ఒక్క రెక్క చూస్తే మాత్రం ఇంక అనుమానమే ఉండదు. తేనె ఇక్కడుందని దారి చూపించేదీ అదే."

"చాల్చాల్లే! గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట!" అంటూ ఆవిడ చెప్పులేసుకుని బయటపడింది.

వీధి చివర తురాయి కింద నేలంతా ఎర్రగా ఉంది. ఐదూ ఎర్రగా ఉన్న పువ్వు ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు, అల్లుడి నోరు మూతపడుతుంది, తన మాట నిలుస్తుంది. కత్తెరమ్మ వంగి ఏరడం మొదలుపెట్టింది. నడుము పట్టేసినా లేవలేదు.

"ఏం పోగొట్టుకున్నారమ్మా?" అన్నాడు ఎదురింటి కాపలావాడు.

"నా పరువు!" అంది తల ఎత్తకుండా.

కొంగు నిండింది గానీ అలాంటి పువ్వు దొరకలేదు. ప్రతి దానికీ అదే తెల్లరెక్క, అవే చుక్కలు, కొసలు ముడతలు పడి. ఇంత పద్ధతిగా వచ్చే తెగులు లోకంలో ఎక్కడుంటుంది? తాను తప్పు పట్టింది ఎంత గొప్ప పనినో తెలిసి ఆవిడకు సిగ్గేసింది. కాసేపటికి ముచ్చటా వేసింది. "ఎవరు చేశారో గానీ, బాగా చేయి తిరిగినవాళ్ళే" అని గొణుక్కుంది.

ఇంటికొచ్చి ఎర్రరెక్క ఒకటి తనే పీకింది. కూతురు నోరు తెరిచేలోపే, "వెనక్కి వచ్చినట్టేం కాదు. పువ్వింకా మన గడప దాటలేదు" అని తేల్చేసి, తెల్లగుడ్డ కత్తిరించి, సన్నకుంచెతో చుక్కలు పెట్టడానికి కూర్చుంది.

ప్రదర్శనలో అందరూ ఆ పువ్వు చుట్టూనే మూగారు. ఒక విద్యార్థి తల్లి నొచ్చుకుంటూ అంది: "అయ్యో, ఇంత బాగా చేసి ఈ ఒక్క రెక్కకి మరకలు పడనిచ్చారే!"

అల్లుడు ఏదో చెప్పబోయాడు. కత్తెరమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"మరకలు కావమ్మా, అదే దీని అందం! మా వీధి చివర చెట్టుంది, వెళ్ళి వెతకండి. ఐదూ ఎర్రగా ఉన్న పువ్వు తెచ్చినవాళ్ళకి ఈ కత్తెర ఇచ్చేస్తాను!"

ఆ సాయంత్రం కాలేజీ సగం ఆ చెట్టు కిందే వంగి ఉంది. కత్తెర మాత్రం ఇప్పటికీ ఆవిడ చేతిలోనే ఉంది.