ముక్కామల గరిటె

బస్సు పూర్తిగా ఆగకముందే వెనక తలుపు తీసుకుని కిందికి దూకడం, గ్యాస్ బండ దింపించుకోవడం, గాలికి అడ్డంగా రేకు నిలబెట్టి పొయ్యి వెలిగించడం శ్రీరామమూర్తికి ఏళ్ల తరబడి అలవాటు. ఆ ఆదివారం పొద్దున విశాఖపట్నం బీచ్ రోడ్డులో బస్సు ఆగింది గానీ ఆయన దూకలేదు. వెనక సీట్లో గుండిగల మధ్య, ఒళ్లో ఇత్తడి గరిటె పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఎదురుగా ఇసకలో, సిమెంటు దిమ్మల మీద, నల్లగా పొడుగ్గా జలాంతర్గామి నిలబడి ఉంది. నౌకాదళం వాళ్లు పనిలోంచి తీసేసి, ఒడ్డుకు లాగి, జనం చూడ్డానికి పెట్టారు. పెనుగొండ నుంచి సింహాచలం, అన్నవరం తిప్పే ఈ యాత్రా బస్సు దాని ముందు ఆగడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ ఆయన దాన్ని పొయ్యి పక్క నుంచే చూశాడు, అదీ కళ్లలో పొగ పోయాక.

అసలు వంటవాడి తీర్థయాత్ర ఎలా ఉంటుందో తెలియాలంటే ఆయన్నడగాలి. కాశీలో గంగను చూశాడు, గుండిగలు తోముకోవడానికి వెళ్లినప్పుడు. రామేశ్వరంలో సముద్రాన్ని చూసిందానికంటే సాంబారును ఎక్కువ చూశాడు. అందరూ దర్శనం చేసుకుని ఆకలితో వచ్చేసరికి విస్తళ్లు వేసి ఉండాలి. అందరూ తిన్నాక ఆయన తినాలి. మిగిలితే.

మనిషి సన్నం. అరవై దాటాయి. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. ఎప్పుడో మంట ఎగసి కాలిన ఎడమ కనుబొమ సగం మళ్లీ మొలవలేదు, దాంతో ఆయన ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు కనబడతాడు. అడిగింది మాత్రం లేదు. భార్య పోయాక పెనుగొండలో సత్రం వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. రెండు వందలమందికి కళ్లు మూసుకుని ఉప్పు వేసే చెయ్యి ఒక్కడికి వండాలంటే తడబడుతుంది. ఏది వండినా ఎక్కువైపోతుంది. ఎవరికి పెట్టాలి? అందుకని గదిలో పొయ్యి వెలిగించడమే మానేశాడు. పనిలేని రోజు అటుకుల్లో మజ్జిగ పోసుకుని పడుకుంటాడు.

వచ్చే ఏడాది నుంచి ఆ పని కూడా లేదు. యాత్ర నడిపే సత్యప్రసాద్ మొన్న బయల్దేరేముందు మెల్లగా చెప్పాడు. "ఇకమీదట దారిలో హోటళ్లలోనే భోజనాలండి, పంతులుగారూ. సామాను మోతా అదీ ఎందుకని." మంచివాడే, ఇబ్బంది పడుతూనే చెప్పాడు. "అలాగే నాయనా" అన్నాడు శ్రీరామమూర్తి. ఆ రాత్రే పెట్టె అడుగునుంచి నాన్న గరిటె తీసి చింతపండుతో తోమి సంచిలో పెట్టుకున్నాడు. ఈసారి ఎలాగైనా ఆ ఓడ లోపలికి వెళ్లాలి. ఇప్పుడు వెళ్లకపోతే ఇక తనను విశాఖపట్నం తీసుకొచ్చేవాళ్లు లేరు.

ఆ గరిటె తండ్రి సోమయాజులుది. ముక్కామల చుట్టుపక్కల పెళ్లయినా తద్దినమైనా పప్పులోకి దిగింది ఆ గరిటే. ఉల్లిపాయ వాసన కూడా ఎరగదు. కాడ మీద పేరూ ఊరూ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. తమ్ముడు విష్ణు ఇంట్లో చెప్పకుండా నౌకాదళంలో వంటవాడుగా చేరిన రోజున సోమయాజులు ఒక్కటే మాట అన్నాడు. "చేపలు వండే చేత్తో నా గరిటె ముట్టుకోవద్దను."

విష్ణు సెలవుకి వచ్చినప్పుడల్లా అరుగు చివర విడిగా విస్తరి వేసేవారు. తెల్లబట్టలు నలక్కుండా మడిచి కూర్చుని, వంచిన తల ఎత్తకుండా తినేవాడు. వెళ్లేముందు ఏటా అదే అడిగేవాడు. "ఆ గరిటె ఇవ్వండి నాన్నా, పప్పుకి తప్ప దేనికీ వాడను. ఒట్టు." ఇవ్వలేదు. తండ్రి పోయాక శ్రీరామమూర్తిని అడిగాడు. అన్నగారు తనది కాని కోపాన్ని కూడా వారసత్వంగా పుచ్చుకున్నాడు. "నాన్న లేడు కదాని మాట తప్పుతామేంట్రా?" అన్నాడు. విష్ణు నవ్వేసి, "సర్లే అన్నయ్యా, నువ్వు తిన్నావా?" అన్నాడు. వంటవాణ్ణి ఆ మాట అడిగినవాడు ఆ జన్మకి వాడొక్కడే.

తర్వాత కామెర్లొచ్చి బొంబాయి ఆస్పత్రిలో పోయాడు. పెళ్లి కాలేదు. ఇంటికి కబురొచ్చేసరికి తోటివాళ్లే అంతా జరిపించేశారు. శ్రీరామమూర్తికి తమ్ముడి తాలూకు మిగిలింది వాడు చెప్పిన జలాంతర్గామి కబుర్లే. "మా వంటిల్లు ఎంతుంటుందనుకున్నావు? మన బావి పళ్లెమంత. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. నీళ్ల అడుగున పగలూ రాత్రీ తెలీదు. పోపు వాసనొస్తేనే పొద్దయిందని లేస్తారు అందరూ."

బస్సులోవాళ్లు ఒక్కరొక్కరే దిగుతున్నారు. సత్యప్రసాద్ వెనక్కి వచ్చి, "పొయ్యి దింపించమంటారా?" అన్నాడు.

"ఈ గాలికి నిలవదు నాయనా. తెల్లారగట్టే సింహాచలం సత్రంలో పులిహోర, దద్ధోజనం కలిపేశాను."

గాలి సంగతి అబద్ధం. ఇంతకంటే పెద్ద గాలిలో వడియాలు వేయించినవాడు. పులిహోర ఊరుతూ కూర్చుంటుంది, దానికి కాపలా అక్కర్లేదని రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న ఏర్పాటది. సత్యప్రసాద్ తల ఊపి వెళ్లిపోయాడు.

"పల్లంరాజూ, కాస్త సామాను చూస్తావా?" అని డ్రైవర్ని అడిగాడు.

"మీరెక్కడికండి?"

"లోపలికి."

పల్లంరాజు నోట్లో బీడీ తీసి, ఆయన వైపోసారి, ఓడ వైపోసారి చూశాడు. "వెళ్లిరండి. నేనున్నాను కదా" అన్నాడు.

టిక్కెట్టు తీసుకుని, గరిటెను పైపంచెలో చుట్టి చంకలో పెట్టుకుని, వరస చివర నిలబడ్డాడు. ఇనప మెట్లెక్కుతుంటే ఎడమ భుజం లాగింది. పొద్దున గుండిగ ఎత్తినందుకేననుకున్నాడు. లోపల దీపాలున్నా మసకగానే ఉంది. తల మీద గొట్టాలు, పక్కన గొట్టాలు, ఎక్కడ చూసినా చక్రాలూ మీటలూ. గుండ్రటి తలుపుల్లోంచి ఒక కాలు ముందు పెట్టి, వంగి, రెండో కాలు లాక్కోవాలి. గైడు ముందు నడుస్తూ తుపాకులూ టార్పెడోలూ చూపించి చెబుతున్నాడు. శ్రీరామమూర్తి చెవికి ఒక్కటీ ఎక్కలేదు. గోడకి అరల్లా ఉన్న పడకల్ని చూశాడు. ఇంత ఇరుకులోనా పడుకున్నావు నాయనా అనుకున్నాడు.

వంటిల్లు నడవకి ఒక పక్కన ఉంది. విష్ణు అబద్ధమాడలేదు, ఇంకా కొంచెం పెద్దది చేసే చెప్పాడు. అడ్డంగా గొలుసు కట్టారు. లోపల పొయ్యి ముందు తెల్ల టోపీ పెట్టుకుని ఒక బొమ్మ నిలబడి ఉంది. దాని ముఖం ఎవరి ముఖమూ కాదు. అయినా ఆ వీపు వంపు చూసేసరికి శ్రీరామమూర్తి గొలుసు పట్టుకుని ఆగిపోయాడు. పైన ఇనప పట్టీకి కొక్కాలున్నాయి. రెండు గరిటెలు వేలాడుతున్నాయి. మూడో కొక్కెం ఖాళీ.

గైడు ముందు గదిలోకి వెళ్లిపోయాడు. వరసలోవాళ్లూ వెళ్లారు. ఆయన వెనక ఎవరూ లేరు. పైపంచెలోంచి గరిటె తీసి, గొలుసు మీదుగా వంగి, మునివేళ్ల మీద లేచి చెయ్యి చాపాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి కాడ చివరి వంకీ కొక్కానికి తగిలింది.

"ఇదిగోరా విష్ణూ. నాన్నది" అన్నాడు. మడమలు కిందికి దించి, "దేనికైనా వాడుకో" అన్నాడు.

ముందునుంచి గైడు పిలిస్తే కళ్లు తుడుచుకుని కదిలాడు.

భోజనాలు సరుగుడు చెట్ల నీడలో జరిగాయి. స్టీలు గరిటెతోనే వడ్డించాడు. సత్యప్రసాద్ తల్లి అమ్మణ్ణి విస్తట్లోంచి తలెత్తి, "పొద్దున సత్రంలో పులిహోర కలిపిన ఇత్తడి గరిటె ఏదండి, పంతులుగారూ?" అంది.

"ఇచ్చేశానమ్మా, మా తమ్ముడికి."

"మీ తమ్ముడు ఇక్కడే ఉంటారా? ఎప్పుడూ చెప్పలేదే."

"వాడికిది చాలా ఏళ్ల కిందట ఇవ్వాల్సింది తల్లీ. ఇప్పటికి కుదిరింది."

ఆవిడ ఇంకేదో అడగబోయింది గానీ ఎవరో దద్ధోజనం కావాలన్నారు. ఆయన అటు వెళ్లాడు. ఆ రోజు అందరూ రెండేసిసార్లు అడిగి పెట్టించుకున్నారు. గుండిగ ఖాళీ అయింది. ఆయన మంచినీళ్లు తాగి, సామాను ఎక్కించుకుని, వెనక సీట్లో కూర్చున్నాడు. ప్రాణం తేలిగ్గా ఉంది. ఒళ్లు మాత్రం చల్లగా చెమటలు పడుతోంది. తుని దాటేదాకా కిటికీలోంచి కొబ్బరి తోటలు చూస్తూనే ఉన్నాడని తర్వాత పల్లంరాజు చెప్పాడు.

అన్నవరంలో అందరూ కొండెక్కి సత్యనారాయణస్వామిని చూసుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. పంతులుగారు నిద్రపోతున్నారు లెమ్మని ఎవరూ లేపలేదు. అమ్మణ్ణి ఆయన కోసం విస్తరాకులో ప్రసాదం పట్టుకొచ్చి, గుండిగలు తప్పించుకుంటూ వెనక్కి వెళ్లింది.

"పంతులుగారూ, పొద్దుట్నుంచీ మీరేమైనా తిన్నారా?" అంది.

సగం కనుబొమ కింద కళ్లు మూసి ఉన్నాయి. ఆవిడ ఇంకోసారి అడిగి, చెయ్యి పట్టుకుని చూసి, అక్కడే సీట్లో కూలబడింది. ప్రసాదం పొట్లం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. పల్లంరాజు ఇంజన్ ఆపేశాడు.

ఓడలో ఆ గరిటె ఎప్పుడొచ్చిందో ఎవరూ కనిపెట్టలేదు. శుభ్రం చేసేవాళ్లు మిగతావాటితో పాటు దాన్నీ తుడుస్తున్నారు. గైడు ఇప్పుడు అక్కడ కాసేపు ఆగి, "ఇవన్నీ మనవాళ్లు సముద్రం అడుగున వాడినవండి" అని చెబుతున్నాడు. జనం గొలుసు దగ్గర వంగి చూస్తారు. రెండు స్టీలు గరిటెల పక్కన, టోపీ బొమ్మ తల మీదుగా, పాత ఇత్తడి గరిటె ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని కాడ మీద చుక్కలు చుక్కలుగా "సోమయాజులు, ముక్కామల" అని ఉంటుంది.