సంగమం ఊరి సాక్షి

మా అత్తగారు శేషమ్మగారి లెక్కలో గ్రీన్ కార్డ్ కూడా దేవుడిచ్చేదే, మొక్కితేనే చేతికొస్తుంది. అందుకే అది వచ్చేదాకా గురువారం నీచు ముట్టనని మా ఆయన వేణుమాధవ్ చేత మొక్కించారు. ఏళ్ళు గడిచాయి, కార్డ్ రాలేదు. "ఎక్కడ లోపం జరిగిందే రాగిణీ?" అని అమెరికాలో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగినప్పటినుంచీ ఆవిడకి ఒకటే దిగులు.

లోపం ఎక్కడో నాకు తెలుసు. ఆఫీస్ క్యాంటీన్‌లో. చెప్తే కొంప కొల్లేరవుతుందని నోరు మూసుకున్నాను.

ఆ గురువారం, బెల్జియం నుంచి ఆఫీస్ పనిమీద వచ్చి, రెండు నెలలుగా క్యాంటీన్‌లో తనతోనే తింటున్న బార్ట్‌ని ఈయన భోజనానికి పిలిచారు. "గెస్ట్ కదమ్మా, చికెన్ లేకపోతే బాగోదు," అని మెల్లిగా నసిగారు మహానుభావుడు.

"గురువారం నాడా! నోరు కడుక్కో," అన్నారు అత్తగారు. గుత్తివంకాయ, పప్పుచారు, గారెలు చేశారు.

బార్ట్ వంకాయ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు. తన ఊరు ఘెంట్ అని, అక్కడ రెండు నదులు కలుస్తాయని, ఒకప్పుడు పెద్ద రేవు పట్నమని చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే అత్తగారి మొహం వెలిగిపోయింది.

"సంగమమా! కృష్ణా తుంగభద్రా కలిసే మా కూడవెల్లిలాగానా! అలాంటి చోట పుట్టినవాడి నోట అబద్ధం రాదే."

ఘెంట్‌లోనూ గురువారం మాంసం మానమని ఊరంతటికీ చెప్తారట. అది వినగానే అత్తగారు పొంగిపోయి అతనికి ఇంకో గారె వేశారు. ఆ ఆప్యాయతకి బార్ట్ కూడా పొంగిపోయి, మా ఆయన భుజం తట్టాడు.

"బట్ వేణు? ఎవ్రీ థర్స్‌డే, చికెన్ శాండ్‌విచ్!"

నేను తెలుగు చెయ్యలేదు. ఆ అవసరం లేకపోయింది.

"అమ్మా, అతను జోక్ చేస్తున్నాడు," అన్నారు ఈయన, చెమటలు కక్కుతూ.

"సంగమంలో పుట్టినవాడు జోకులేస్తాడట్రా?" అత్తగారు గరిటె కింద పెట్టారు. "ఇన్నాళ్ళవీ చెల్లవు. వచ్చే వారం నుంచి మళ్ళీ మొదటికి."

గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డ ఈయన, మళ్ళీ క్యూ చివరికి పొమ్మన్నట్టు మొహం వేలాడేశారు. నాకు నవ్వాగలేదు.

అత్తగారు నా వైపు తిరిగారు.

"నీకు తెలుసు కదే? మొక్కులో వాడి వెనకాల నువ్వూ నిలబడు."