మేస్త్రి ఉప్పు చూడని రోజు

"ఇది నిండా పోసినట్టేనా?" అన్నాడు హనోకు, దగ్గుమందు సీసా మూతను బల్బు కిందికి ఎత్తిపట్టి. మూతలో నూనె అంచుకి గోరంత కిందుగా ఆగింది.

"నిండా పోత్తే ఒలికిపోద్ది. ఒలికితే మళ్ళీ పొయ్యమంటారు," అంది దీవెనమ్మ, బీరకాయ ముక్కల గిన్నె పొయ్యి దగ్గరకి లాక్కుంటూ.

"గోరంత తక్కువుందే."

"మీ గోరు పెద్దది."

"డబ్బాలకి డబ్బాలు వంపిన సెయ్యి ఇది. నాకా కొలతలు సెప్తన్నావు?"

"ఆ సెయ్యి వల్లే కదండీ ఇంట్లోకి ఈ మూతొచ్చింది."

చాప మీద ఇంకా కళ్ళు తెరవని కూతురు సుజి, "ఆ గోరంతా నా వాటాలోంచి పోసీయమ్మా. నాకు నిద్దర కావాలి," అంది.

దీవెనమ్మ పొయ్యలేదు. మూత మూకుట్లోకి వంచి, చివరి బొట్టు జారేదాకా పట్టుకుని, ఆవాలు వేసింది. హనోకు గొణుక్కుంటూ చొక్కా తొడుక్కున్నాడు. మూడువందల మంది పెళ్ళిభోజనం వండడానికి వెళుతున్న మనిషికి, ఇంటి నుంచి బీరకాయ కూరతో క్యారియర్ సిద్ధమవుతోంది.

హనోకుకి యాభై మూడేళ్ళు. అనకాపల్లిలోనూ చుట్టుపక్కల మాకవరపాలెం దాకానూ చర్చి పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ జ్ఞాపక కూడికలకీ ముప్ఫై ఏళ్ళుగా వంటమేస్త్రి. ముంజేతుల మీద వెంట్రుకలు ఉండవు. ఎడమ కనుబొమ సగం ఎప్పుడో మంటకి పోయి మళ్ళీ రాలేదు. నాలుగు నెలల కిందటి వరకూ లుంగీ ముడి పొట్ట కింద దాగి ఉండేది. ఇప్పుడు బయటికి కనిపిస్తోంది.

జనవరిలో, క్రిస్మస్ భోజనాలూ కొత్త సంవత్సరం భోజనాలూ ముగిశాక, ఎవరిదో మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. పరీక్షల్లో గుండె బాగానే ఉందని తేలింది. రక్తంలో కొలెస్ట్రాల్ మాత్రం రెండువందల డెబ్బై నాలుగు. డాక్టరు చిన్నవాడు, తొందరపడే రకం కాదు. "మాత్ర ఇప్పుడే రాయగలను. కానీ ముందు తిండీ నడకా మార్చి చూద్దాం. నోటిని పట్టుకోగలరా?" అని అడిగాడు. పట్టుకుంటానన్నాడు హనోకు.

దీవెనమ్మ ఇంట్లోంచి నెయ్యి తీసేసింది. రేషన్ పామాయిల్ పక్కింటికి ఇచ్చేసింది. బుచ్చయ్యపేటలో పుట్టింటివాళ్ళ దగ్గర నుంచి చోళ్ళు, అంటే రాగులు, తెచ్చి పొద్దున్న అంబలి కాచింది. ఆదివారం మాంసం మానేసింది. హనోకు రోజూ శారద వంతెన దాకా నడిచి వచ్చేవాడు. నెలన్నర పోయాక మళ్ళీ పరీక్ష చేస్తే రెండువందల డెబ్బై ఒకటి.

డాక్టరు తల గోక్కుని, తిన్నదంతా ఒక పుస్తకంలో రాసి తెమ్మన్నాడు. సుజి రాసింది. ఎక్కడా వంక లేదు. ఆ శనివారం ఉల్లిపాయలు తరగడానికి మనిషి తక్కువైతే తల్లితో పాటు సుజి కూడా వంటకి వెళ్ళింది. అక్కడ చూసింది.

మేస్త్రి ఉప్పు చూడందే గుండిగ పొయ్యి దిగదు. అది వంటవాళ్ళ కట్టుబాటు. మొదటి గరిటె ఆకు దొప్పలో వేసి మేస్త్రి చేతికిస్తారు. ముక్క ఉడికిందో లేదో తెలియాలి కనుక రెండు ముక్కలు పడతాయి. నిమ్మరసం పిండాక ఇంకో దొప్ప. బిర్యానీకి ఒకటి, అడుగున ఎలా ఉందో చూడడానికి మరొకటి. ఆ రోజు సుజి పదకొండు దొప్పలు లెక్కపెట్టింది.

"నాన్నా, ఇదేదీ రాయించలేదేం?"

"ఇది తిండేటే?" అన్నాడు హనోకు నిజంగానే ఆశ్చర్యపోయి. "ఉప్పు సూడ్డం."

పొయ్యిల దగ్గరున్న వాళ్ళందరూ సుజి వైపు జాలిగా చూశారు. ఇటుకలు మోయడం తిండా అని అడిగినట్టుంది వాళ్ళకి. ఆ ముప్ఫై ఏళ్ళూ హనోకు ఏ వంట నుంచి ఇంటికొచ్చినా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదని చెప్పి పీట వాల్చుకునేవాడు. అందులో అబద్ధం లేదు. అతను అలాగే నమ్మాడు.

సంగతి విన్న డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వాడు. తరవాత, "ఆ పని మానండి, లేదా మాత్ర వేసుకోండి," అన్నాడు.

మానితే మేస్త్రి ఎలా అవుతాడు? మేస్త్రి అంటే ఆ నాలుకే. పన్నెండేళ్ళుగా హనోకు దగ్గర మంట చూసే నూకరాజు ఏటా ఒకసారి, "మామా, ఒక గుండిగ నాకొదిలీ," అని అడుగుతాడు. "నీ నాలిక ఇంకా తిరగనేదురా," అని హనోకు ఏటా అదే జవాబు చెబుతాడు. ఇప్పుడు తన నాలుకే పక్కన పెట్టమంటున్నారు.

దారి చూపినవాడు త్రినాధరావు. కొండకర్ల రామకోవెలలో నలభై ఏళ్ళుగా అన్నదానం వండుతున్నాడు. సరుగుడు కట్టెల అడితిలో ఇద్దరికీ పాత పరిచయం. హనోకు తన బాధ చెప్పుకుంటే, చేతిలోని కట్టె కింద పడేసి పకపకా నవ్వాడు.

"దేవుడికి పెట్టకముందు నాలిక తగిలితే ఎంగిలి. నా జన్మలో వండుతా రుసి సూణ్ణేదు బావా. నీకు నాలికుంది. నాకు ముక్కే దిక్కు."

"ముక్కుకి ఉప్పు తెలుత్తాదేటి?"

"వొచ్చి నిలబడు. తెలుత్తాదో నేదో నువ్వే సెప్పు."

ఈస్టరు ముందటి శ్రమల దినాలు మొదలయ్యాయి. ఆ నలభై రోజులూ చర్చిలో పెళ్ళిళ్ళు ఉండవు, మేస్త్రికి పని ఉండదు. హనోకు గురువారం గురువారం బస్సెక్కి కొండకర్ల వెళ్ళి, కోవెల వంటశాల గడప బయట నిలబడేవాడు. ఊరి పక్క పెద్ద చెరువు, ఆవ మీది గాలి అటు తిరిగినప్పుడల్లా వాసన చెదిరిపోయేది. ఆగి, మళ్ళీ పట్టుకునేవాడు. ఉప్పు తక్కువైన పులుసు వాసన పచ్చిగా పైపైన తేలుతుందనీ, సరిపోయాక బరువెక్కి గొంతు దాకా దిగుతుందనీ త్రినాధరావు చెప్పాడు. మూడు వారాలు హనోకుకి ఏ తేడా తెలియలేదు. నాలుగో వారం తెలిసింది. అతను చెప్పులు విడిచి, గడప ముందు నేల మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి దీవెనమ్మ కాచిన చారు దగ్గర నిలబడి, "ఇందులో ఉప్పెయ్యడం మర్చిపోయేవు," అన్నాడు. ఆమె రుచి చూసింది. మర్చిపోయింది.

ఈస్టరు వెళ్ళాక మొదటి పెళ్ళి ఇవాళ. రిటైరైన హెడ్మాస్టరు వరప్రసాదరావు గారి అమ్మాయి షెకీనా పెళ్ళి. నిన్న పరగడుపున హనోకు మళ్ళీ రక్తం ఇచ్చాడు. రిపోర్టు సాయంత్రం వస్తుంది. నాలుక తాకకుండా వండి మూడువందల మంది ముందు పెడితే, ఒక్క గుండిగ చెడినా ముప్ఫై ఏళ్ళ పేరు మధ్యాహ్నానికల్లా పోతుంది. అందుకే వంటవాళ్ళలో దీవెనమ్మతో తప్ప ఎవరితోనూ చెప్పలేదు.

చర్చి వెనక షామియానా కింద మూడు పొయ్యిలు. పది గంటలకి మాంసం సగం ఉడికింది. హనోకు తెడ్డు తిప్పుతూ ఆవిరిలోకి ముఖం వంచాడు. మసాలా వచ్చింది, కొత్తిమీర వచ్చింది, కొవ్వు కరిగిన తియ్యటి వాసన వచ్చింది. నోట్లో నీళ్ళు ఊరాయి. నాలుక తనంతట తానే పళ్ళ దాకా వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. ఈ వాసనలన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకి నెట్టి అడుగున ఉన్నదాని కోసం వెతికాడు. పచ్చిగా ఉంది. పైపైన తేలుతోంది.

ఉప్పు గిన్నె కోసం పక్కకి చెయ్యి చాపాడు. గిన్నె అక్కడ లేదు. నూకరాజు చేతిలో ఉంది. నూకరాజు గుండిగకి ఆ పక్కన, గుప్పెట్లో ఉప్పుతో, అతని మాట కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏట్రా అది?"

"ఉప్పు మామా."

"ఎవరెయ్యమన్నారు?"

"ఎయ్యనేదు. నువ్వంటావని ఒట్టుకున్నాను."

"తక్కువని నీకెవరు సెప్పేరు?"

నూకరాజు తప్పు చేసినవాడిలా తల వంచాడు. "పన్నెండేళ్ళనుంచీ నువ్వు దొప్పలో సూత్తావు, నాను ఇక్కడ వాసనొట్టుకుంటాను. నాకేటి, ఎవులైనా దొప్పలో ఎట్టేరా?"

కత్తిపీటల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. దీవెనమ్మ నవ్వలేదు. ఉల్లిపాయ సగం తరిగి ఆపి, భర్త ముఖం చూస్తోంది. హనోకు నూకరాజు గుప్పిటను చూశాడు. తనైతే ఎంత తీసేవాడో అంతే ఉంది. వీపు మీద చెమట చల్లబడింది. పొయ్యి ఎదుట నిలబడి చలివెయ్యడం అతని బతుకులో అదే మొదటిసారి.

"ఎయ్యి," అన్నాడు.

అరగంట పోయాక వాసన బరువెక్కి కిందికి దిగింది. నూకరాజు అలవాటుగా దొప్ప అందించాడు. హనోకు తీసుకోలేదు.

"దించండి."

"మామా, ఉప్పు సూణ్ణేదు."

"సూసేం కదరా."

నూకరాజుకి బహువచనం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

మొదటి బంతి కూర్చుంది. హనోకు తెర సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. ఉప్పు గిన్నెతో ఒక కుర్రాడు వరసల మధ్య తిరుగుతున్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. మాటలు తగ్గి విస్తళ్ళ చప్పుడు మిగిలింది. రెండో బంతిలోనూ ఎవరూ ఉప్పు అడగలేదు. మూడో బంతి మధ్యలో వరప్రసాదరావు గారు చెయ్యి కడుక్కోకుండానే వెనక్కి వచ్చారు.

"హనోకూ, నీ చేతి వంట పాతికేళ్ళనుంచీ తింటున్నాను. ఇవాళ ఏం కలిపావయ్యా?"

"ఏటీ కలపనేదండి," అన్నాడు హనోకు.

అందరి భోజనాలూ అయ్యాక కట్టెల మోపు మీద కూర్చుని క్యారియర్ విప్పాడు. బీరకాయ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నూనె లేదు, కారం నామమాత్రం. అయినా ముక్క నమిలేకొద్దీ లోపలి నుంచి సన్నటి తీపి ఊరింది, గింజ దగ్గర వేరే రుచి. యాభై మూడేళ్ళుగా ఈ కాయ ఇలాగే ఉండి ఉంటుంది. తన నాలుకకే ఖాళీ దొరకలేదు. ఎదురుగా నూకరాజు గుండిగలు బోర్లించి ఇసకతో తోముతున్నాడు. చెవుల దగ్గర వెంట్రుక నెరిసింది. ఎప్పుడు నెరిసిందో హనోకు చూడలేదు. రేపు పనికి వస్తాడో రాడో అన్నట్టు ఇరవై నాలుగేళ్ళప్పుడు వచ్చి చేరినవాడు.

ముక్కే చెప్పగలిగినప్పుడు, ఆ దొప్పలన్నీ దేనికి? సగం తన నోటికి, సగం నూకరాజుని మంట దగ్గరే ఉంచడానికి అని తెలిసి, హనోకు క్యారియర్ మూత బిగించాడు.

పొద్దు వాలుతుండగా సుజి డాక్టరు దగ్గర నుంచి వచ్చి, గుమ్మంలోనే రిపోర్టు విప్పింది. "రెండువందల ఇరవై రెండు! మాత్ర ఇప్పుడు వద్దన్నారు నాన్నా. ఇలాగే చెయ్యమన్నారు. మూడు నెలలకి మళ్ళీ చూస్తారట. అప్పటికీ ఇంకా దిగకపోతే మాత్రం మొండికెయ్యకుండా మాత్ర వేసుకోవాలట."

"ఏసుకుంటాను," అన్నాడు హనోకు. కాగితం తీసుకుని, ఇంగ్లీషు చదవలేకపోయినా ఆ అంకెను వేలితో తడిమాడు. తర్వాత తన మణికట్టు మీది పచ్చటి నరాన్ని చూసుకున్నాడు. ఎన్నడూ కంటికి కనపడని నెత్తురు, లోపల ఏ మూలనో తిరుగుతూ, తను మింగినదీ మింగకుండా వదిలినదీ అన్నీ గుర్తుపెట్టుకుంది. "ఇంటాదన్నమాట," అన్నాడు మెల్లిగా.

"ఏది?" అంది సుజి.

"నెత్తురు. మన మాట ఇంటాది."

మేస్త్రి వాటా కింద పెళ్ళివారు పంపిన సత్తుగిన్నెను నూకరాజు సైకిల్ మీద తెచ్చాడు. దీవెనమ్మ అతన్ని వెళ్ళనివ్వలేదు. నలుగురూ వసారాలో కూర్చున్నారు. హనోకు కళ్ళు మూసి ప్రార్థన చేశాడు. రోజూ చేసే దానికంటే పొడుగ్గా చేశాడు. ముగ్గురికీ మాంసం వడ్డించి, అతని ముందు అంబలి గిన్నె పెట్టింది దీవెనమ్మ.

"నూకరాజా, వొచ్చే నెల బుచ్చయ్యపేట పెళ్ళి నీది," అన్నాడు హనోకు.

"నాదంటే?"

"మేస్త్రివి నువ్వు. నాను రాను."

నూకరాజు చేతిలో ముద్ద ఆగిపోయింది. "పొద్దున్న మాటకి కోపమొచ్చిందా మామా? ఏదో నోరు జారేను."

"కోపం కాదురా. నీ నాలిక తిరగనేదని పన్నెండేళ్ళు అన్నాను. నాలికతో పనే నేదని ఇయ్యాల సూసేను. నాను వొచ్చి నిలబడితే అందరూ మళ్ళీ నా మొకమే సూత్తారు. అంచేత రాను."

"నువ్వు నేకపోతే సనం ఏటంటారు?"

"ఉప్పడగరు. అది సాలు."

"మరి మీరేటి సేత్తారు?" అంది దీవెనమ్మ. గొంతులో తగువు లేదు.

"సిన్న వంటలున్నాయి. కూరగాయలవి సేసుకుంటాను. నువ్వొత్తావా?"

"ఉల్లిపాయలు తక్కువే కదా. వత్తాను."

ఆమె సత్తుగిన్నె దగ్గరకి లాక్కుంది. అడుగున మూలుగ బొమిక ఉంది. ఏ ఇంటి నుంచి వాటా వచ్చినా, పొట్టేలు మూలుగ బొమిక మేస్త్రికని వేరుగా పెట్టి పంపుతారు. గరిటెతో దాన్ని పైకి తీసింది. గరిటె అలవాటు కొద్దీ భర్త వైపు కొంచెం కదిలి, ఆగి, నూకరాజు పళ్ళెంలోకి వంగింది.

నూకరాజు అన్నం ముగించాడు, ముక్కలన్నీ తిన్నాడు, వేళ్ళు నాకాడు. లేచి చేతులు కడుక్కుని, "ఎల్లొత్తాను మామా," అని, సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. సుజి పళ్ళాలు ఎత్తడానికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఊడ్చినట్టు శుభ్రంగా ఉన్న అతని పళ్ళెంలో బొమిక ఒక్కటే, మేస్త్రి కోసమే వదిలినట్టు, ముట్టకుండా నిలువుగా ఉంది, దాని బోలులో మూలుగ చల్లారి తెల్లగా పేరుకుంటోంది.